గుమ్మం ముందు తెల్ల ఎలుగు

యాత్రికుల్ని బండిలో మంచుమైదానమంతా తిప్పుకొచ్చిన గైడు పనిలూకు, వాళ్ళకు చూపిద్దామనుకున్న తెల్ల ఎలుగు ఊళ్ళోనే చచ్చిపడి కనిపించింది. పక్కన తుపాకీతో అక్క ఉలాయుక్ నిలబడి ఉంది. ఎలుగులు రాకుండా ఊరికి కాపలా కాసేది ఆమే.

“బెదిరించి తోలేస్తానని మాటిచ్చావు కదే అక్కా! ఇంత మోసమా?”

“టపాకాయలు పేల్చాను, గొంతు చించుకున్నాను. బెదరలేదురా. పిల్లలున్న ఇల్లు, గుమ్మం ముందుకొచ్చి కూర్చుంది.”

“ఆరేళ్ళుగా ఎరుగుదును దాన్ని. పిలిస్తే బండి దాకా వచ్చేది. ఎవర్నీ ఏమీ చేయదు!”

“ఎందుకొచ్చేదో కూడా చెప్పు, వీళ్ళు వింటారు.”

ఫొటోలు దగ్గరగా పడాలని ఆరేళ్ళుగా బండిలోంచి దానికి సీలు జంతువు కొవ్వు విసిరింది పనిలూయే.

మోకాళ్ళ మీద కూలబడి దాని మెడ నిమిరాడు.

“నన్ను నమ్మి వచ్చావా తల్లీ!”