తొట్టి అడుగు నీళ్ళు

సముద్రం ఒడ్డు నుంచి కొండమీదికి ఉప్పు మోయించే ఎలుగుబంటిగారి బిడారులో నూకాలు అనే గాడిద ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. అక్కడి గాడిదలకో సంఘం ఉంది, సంఘానికో రూలుంది. ముందు చేరినవాళ్ళు ముందు నీళ్ళు తాగాలి, మీటింగులో ముందు మాట్లాడాలి. అందరికన్నా ముందు చేరింది నూకాలే కాబట్టి తేట నీళ్ళెప్పుడూ దానివే. ఆఖరున చేరిన పైడికి తొట్టి అడుగున మిగిలినవి.

ఏటా ఎండాకాలంలో ఎలుగుబంటిగారు ఓ తాళంకప్ప పట్టుకొచ్చి, "గిట్టుబాటు కావట్లేదు, మూసేస్తా" అనేవారు. గాడిదలు బెదిరిపోయి తలా గుప్పెడు తవుడు వదులుకునేవి.

ఈ ఏడూ తాళంకప్ప వచ్చింది.

"దానికి తాళంచెవే లేదర్రా, పన్నెండేళ్ళుగా చూస్తున్నా," అంది నూకాలు. సంఘమంతా నవ్వి, ఈసారి గింజ కూడా వదిలేది లేదంది.

మర్నాడు పనికొచ్చేసరికి బిడారు గేటుకి తాళం వేసి ఉంది. ఎలుగుబంటిగారు లేరు.

"తాళంచెవి లేదన్నావుగా అక్కా?" అంది పైడి.

"లేదే. అందుకే ఇంక తెరవరు."

అలా అందే గానీ నూకాలు మూడు రోజులు గేటు దగ్గరే నిలబడింది. పైడి మాత్రం ఆ పూటే కంచరగాడిదల బిడారులో చేరిపోయింది. నాలుగోరోజు నూకాలూ అక్కడికే వెళ్ళింది. అక్కడా అదే రూలు.

"ముందుకి రా అక్కా," అని పైడి తప్పుకోబోయింది.

"రూలు రూలేనే," అని నూకాలు దాని వెనకే నిలబడి, చివర్న తొట్టిలో మూతి పెట్టింది. అంతా బురద.

"ఇన్నేళ్ళూ ఇవేనటే నువ్వు తాగింది?"

"ఇవే అక్కా."

"మరి చెప్పలేదేం?"

"నా వంతు వచ్చేసరికి మీటింగు అయిపోయేది."