ఏడుపులో రెండు మార్కులు

ఏడుపులో నాకు పదికి రెండు మార్కులొచ్చాయి.

ఆంగికాభినయం క్లాసులో ఒక్కొక్కరం ఏడ్చి చూపించాలి. నేను బాగానే ఏడ్చాను. భుజం పైకెత్తి, దండచేతికి కళ్లు ఒత్తుకున్నాను. అక్కడే దొరికిపోయాను.

"మనుషులెవరైనా అలా తుడుచుకుంటారా? శరీరం అబద్ధమాడకూడదమ్మా," అన్నారు విద్యాసాగర్ సార్. వేలి కొసతో కన్నీటి బొట్టును మీటి చూపించారు. రెండు దేశాల్లో ఏడుపు నేర్చుకుని వచ్చారు మరి! అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు మమ్మల్ని గుంటూరు శివార్లలో మిర్చి తొడిమలు తీసే షెడ్డుకి తీసుకెళ్లారు. శ్రామికుల శరీరభాషను పరిశీలించాలట. అక్కడ పనిచేసేవాళ్లలో నావాళ్లెవరో నేను చెప్పలేదు, పరిశీలనకు అడ్డమెందుకని.

"చూస్తే చాలదు, అనుభవించాలి," అంటూ సార్ ఆడవాళ్ల మధ్య కూర్చుని తొడిమలు తుంచారు. అయిదు నిమిషాలకే చెమట పట్టింది. ఎంతో సహజంగా, వేళ్లతోనే కళ్లు తుడుచుకున్నారు.

ఆ తర్వాతి అభినయానికి పదికి పది ఇవ్వొచ్చు. గెంతారు, కేకలు పెట్టారు, మళ్లీ అవే వేళ్లతో కళ్లు నులుముకున్నారు.

"చేతులు తియ్యండి సార్!" అంటూ కాయల కుప్ప దగ్గర్నుంచి మా అమ్మ మస్తాన్‌బీ పరుగున వచ్చింది. తన కారపు చేతులు ఎడంగా పెట్టి, దండచేత్తో ఆయన కళ్లు ఒత్తింది. చిన్నప్పుడు నేనేడ్చినా అంతే, ఆ వేళ్లు నా మొహానికి తగలనిచ్చేది కాదు.

తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమే, నీకు ఏడవడం నేర్పే సారు ఈయనేనా?"