మిషన్ మింగిన అక్షరం

ఇంట్లో అటక మీది డబ్బా దించమంటే చాలు, బుచ్చి మొగుడు సక్రుకు నడుం పట్టేస్తుంది. అదే నడుం ఇప్పుడు కాటారంలో ఓ నిద్రగన్నేరు చెట్టు మీద, రెండంతస్తుల ఎత్తున, బెల్టుకు వేలాడుతూ హాయిగా ఊగుతోంది.

కింద బుచ్చి రాలిన రెమ్మలు ఏరుతోంది.

రెమ్మలు ఏరడం ఆమె పని కాదు. చెట్లు కొట్టే ఈ జట్టులో తాడు ఆమెది. పెళ్లయిన నాటి నుంచీ ఆమెదే.

సక్రు పైన కొమ్మకు తాడు కడతాడు. ఆ తాడు ఇంకా పైనున్న పంగలోంచి కిందికి వచ్చి, చెట్టు మొదలుకు రెండు చుట్లు తిరిగి, బుచ్చి చేతికి అందుతుంది. పైన రంపం మిషన్ కోస్తుంటే కింద ఆమె జానెడు జానెడు వదులుతుంది. ఎడ్లబండంత కొమ్మ కూడా, నిద్రపోయిన పిల్లను పక్కమీద పడుకోబెట్టినట్టు దిగుతుంది.

పోయిన వారం టేకుమట్లలో మాత్రం అలా దిగలేదు. దబ్బున పడి ఇంటివాళ్ల స్నానాలగది రేకులు పగలగొట్టింది. లోపల ఎవరూ లేరు కనుక సరిపోయింది.

జనం ఉరికొచ్చేసరికి సక్రు చెట్టు మీదినుంచే తీర్పు చెప్పేశాడు.

“నా పెండ్లం తాడు ఇడిసింది.”

వదిలిన మాట నిజమే. ఎందుకు వదిలిందో అడిగినవాడు లేడు.

మిషన్ మోతలో పొడుగుమాటలు అందవు. అందుకే జట్టుకు మాటలు రెండే. ‘పట్టు’, ‘ఇడువు’. ఆ కట్టుబాటు పెట్టినవాడు సక్రే. ఆ రోజు కొమ్మ పక్కకు తిరగడం చూసి, కంగారులో ‘ఇడువకు’ అని అరిచినవాడూ సక్రే.

చివరి ‘కు’ను మిషన్ మింగేసింది. మిగిలింది ‘ఇడువు’లా వినబడి బుచ్చి తాడు వదిలింది.

ఆ సంగతి దారిలోనే చెప్పింది. “నీకే సక్కగ ఇనరాలే” అన్నాడు సక్రు.

మర్నాటి నుంచి తాడు పెద్దులుకు పోయింది. మొన్నటిదాకా పత్తి మిల్లులో బేళ్లు మోసిన మనిషి.

“కొన్ని దినాలే చెల్లె” అన్నాడు మిషన్ యజమాని గఫార్, ఆమె ముఖం తప్ప అన్నీ చూస్తూ.

వాళ్ల తండాకు ఆ కబురు బస్సు కన్నా ముందే చేరింది. నల్లా దగ్గర బిందె పెట్టినా అదే మాట. “ఏం బుచ్చీ, తాడు ఇడిసినవంట?”

ఏళ్లతరబడి ఎన్ని కొమ్మలు మెత్తగా దించిందో ఒక్కరూ అడగలేదు.

ఇవాళ్టి ఆఖరి కొమ్మ, చెట్టు కొట్టిస్తున్న ఇంటాయన యాదగిరి వంటింటి పెంకుల మీదికి ఒరిగి ఉంది.

సక్రు మిషన్ ఎత్తబోతూ కిందికి చూశాడు. పెద్దులు తాడును మణికట్టుకు చుట్టుకుని నిలబడ్డాడు.

సక్రు మిషన్ ఆపేశాడు.

“చెయ్యికి సుట్టుకుంటవేందిరా! కొమ్మ గుంజితే చెయ్యి పోతది!”

పెద్దులు చుట్టు విప్పి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. “అన్నా, గింత పెద్దదాన్ని ఆపుడు నాతోని కాదు.”

సక్రు రెమ్మల దగ్గరున్న పెళ్లాం వైపు చూశాడు.

“బుచ్చీ, జర తాడు అందుకో.”

బుచ్చి తల ఎత్తలేదు. “ఇనవడ్తలేదు. మిషన్ మోత.”

“మిషన్ బందయ్యింది గదనే!”

“అయితే నా చెవులే ఖరాబైనయ్. నువ్వే అంటివి గద.”

గఫార్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏందమ్మా, మీ లొల్లి ఇంట్ల పెట్టుకోండ్రి” అన్నాడు యాదగిరి. “అవుతల కొమ్మ మా వంటింటి మీదున్నది.”

“ఇంట్ల అని ఉంటే ఇంట్లనే పెట్టుకుందు బాపూ. ఊరంత ఇననీకె అన్నడు.”

చెట్టు మీద ఆకులు కదిలాయి. సక్రు గొంతు తగ్గించి, తండాలో తాము మాట్లాడుకునే మాటలో ఏదో అన్నాడు.

బుచ్చి చేతుల్లో రెమ్మలు ఆగిపోయాయి.

“ఏమన్నడు?” అన్నాడు గఫార్.

“నన్నడుగుతవేంది భాయ్? అన్నోన్ని అడుగు.”

రెమ్మలు కింద పడేసి, చెట్టు మొదట్లోకి వచ్చి పైకి చూసింది.

“నింద తెలుగుల ఏసినవ్ గద. గిది గూడ తెలుగులనే చెప్పు.”

“నీకు సమజైంది గదనే!”

“నాకు ఆ రోజే సమజైంది. గీళ్లకు గావాలె.”

“ఉర్దూల గూడ ఒకసారి చెప్పు సక్రూ” అన్నాడు గఫార్. బుచ్చి అతని వైపు ఒక్క చూపు చూసింది. గఫార్ మిషన్ నూనె డబ్బా వెతుక్కోవడానికి పోయాడు.

సక్రు చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. బెల్టు సర్దుకున్నాడు. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు.

“టేకుమట్లల మిషన్ మోత శానుండె…”

“మిషన్ సంగతి మిషన్ చెప్పుకుంటది.”

భూపాలపల్లి బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. సక్రు ఆ మోతలోనే పెదవులు కదిపాడు.

బుచ్చి చేతులు కట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా ఆగింది.

“ఆఁ. ఇప్పుడు చెప్పు.”

సక్రు కొమ్మను గట్టిగా పట్టుకున్నాడు. రోడ్డు అవతలి దాకా వినబడేలా అన్నాడు.

“నేను ‘పట్టు’ అనలే. ‘ఇడువకు’ అని మొత్తుకున్న. ఆమె ఇన్నది ఇన్నట్టే చేసింది. తప్పు నాది.”