పాత ఇనుము

ఊళ్లో ప్రతి నాగలికీ ఇప్పుడు ఇనుమును పసిగట్టే కన్నుంది. ఒకప్పుడు పటాలం ఫిరంగులు పేల్చిన ఆ నేలలో పేలకుండా మిగిలిన గుండు కనబడితే నాగలి దానంతటదే ఆగి సర్కారు ఆఫీసుకు కబురు పెడుతుంది. "పాత ఇనుము, ప్రమాదం లేదు, తీసేసి దున్నుకోండి" అంటుంది ఆఫీసు యంత్రం. నిరుడు ఆ మాట నమ్మి గుండు తీయబోతే అది పేలి కొమురవ్వ పెనిమిటి రెండు చేతులూ పోగొట్టుకున్నాడు.

ఈ పొద్దు నాగలి మళ్లీ ఆగింది. సిగ్గులేకుండా అదే జవాబు. కొమురవ్వ గుండును తవ్వి, గడ్డి పరిచిన గంపలో పెట్టి, నెత్తిన మోసుకెళ్లి ఆ ఆఫీసు అధికారి బల్ల మీద దించింది.

అధికారి కుర్చీ తన్నేసి తలుపు దిక్కు ఉరికాడు.

"పాత ఇనుమే గద సారూ, యాడికి ఉరుకుతున్నవ్? నా మొగనికైతే చేతుల్లేవు. నీకు రెండున్నయి గద, వచ్చి తియ్యి."