కారవాన్ కిటికీ

"మీరు చెయ్యి వెయ్యొద్దండి. నేను చేసుకుంటాను."

జీవన్ మాస్టారు అన్న మాటకి పోతురాజు బండి గుమ్మంలోనే ఆగిపోయాడు. రాజోలులో కార్లకి అద్దాలు బిగించే దుకాణం అతనిది. దిండిలో గోదారి గట్టున ఆపిన కారవాన్‌కి కిటికీ కారుతోందని ఫోనొస్తే, మోటారుసైకిలు మీద వానలో తడుస్తూ వచ్చాడు.

లోపల పరుపు సగం నాని ముద్దయిపోయింది. మాస్టారు మంచం అంచున కూర్చుని, ఎడంచేత్తో కిటికీ పాత రబ్బరు పీకుతున్నారు. పక్షవాతం వచ్చిన కుడిచెయ్యి ఎవరిదో అన్నట్టు ఒళ్ళో పడి ఉంది.

"ఏవండీ, ఆయన్ని ఒక్కసారి చూడనివ్వండి," అంది ఆయన భార్య స్టెల్లా టీచర్. ఫోను చేసిందీ, బండి నడుపుకుంటూ వచ్చిందీ ఆవిడే.

"మనింట్లో కుళాయి దగ్గర్నుంచి మిక్సీ దాకా ఇన్నాళ్ళూ ఎవరు బాగుచేసేరు? ఈ కిటికీ కూడా నా చేత కాకపోతే ఇంక ఊళ్ళు తిరగడం దేనికి? బండి అమ్మేసి అమలాపురంలో మనింటికి పోదాం. మంచమెక్కి పడుకుంటాను."

ఆవిడ పక్కకి జరిగి, తడిసిన దుప్పటి పిండసాగింది.

పోతురాజు ఓ పక్కన నిలబడ్డాడు. చూడ్డం కష్టంగా ఉంది. పోతురాజు తెచ్చిన సీలెంటు జిగురు ట్యూబు మూత మాస్టారు పళ్ళతో తీశారు. నొక్కితే గీత వంకర్లు పోతోంది. కొత్త రబ్బరు ఒక మూల దూరిస్తే రెండో మూల ఊడొస్తోంది. పోతురాజు చేతులు వాటంతటవే రెండుసార్లు ముందుకెళ్ళాయి. మాస్టారు చూసిన చూపుకి రెండుసార్లూ వెనక్కొచ్చేశాయి. పావుగంట పనికి గంటన్నర పట్టింది. అయినా పై మూల రబ్బరు నోరు తెరుచుకునే ఉంది.

"అయిపోయింది," అని మాస్టారు వగరుస్తూ వెనక్కి వాలారు.

అప్పటికి వాన తెరిపిచ్చింది. స్టెల్లా టీచర్ పోతురాజుని బండి వెనక్కి పిలిచి, గొంతు తగ్గించింది.

"బయటినుంచి నీళ్ళు ఆపగలరా బాబూ? ఆయనకి తెలీకుండా."

"ఆయ్, ఆపొచ్చండి. కానీ అద్దంలోంచి కనపడిపోతానేమోనండి."

"నేను చూసుకుంటాను."

ఆవిడ లోపలికెళ్ళి, తడిసిన దుప్పటి ఆరేస్తున్నానంటూ కిటికీకి అడ్డంగా పట్టుకుంది. అంతర్వేది కబుర్లు, పులస చేప కబుర్లు పెద్దగొంతుతో మొదలుపెట్టింది. పోతురాజు చట్రం పొడిగా తుడిచి, చుట్టూ సీలెంటు పెట్టి, వేలితో అదుముకుంటూ పోయాడు. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పనే. ఇవాళ మాత్రం దొంగతనం చేస్తున్నట్టుంది.

గంట తర్వాత వాన మళ్ళీ ముంచుకొచ్చింది. ముగ్గురూ కిటికీ కేసే చూస్తూ కూర్చున్నారు. అద్దం మీద నీళ్ళు ధారకట్టాయి. లోపలికి ఒక్క చుక్క రాలేదు.

"చూసేవా స్టెల్లా! ఎడంచేత్తో!" అన్నారు మాస్టారు.

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీకు చేతకాని పనేముందండీ! రేపు అంతర్వేది పోదామా?"

"పోదాం. ఆ తరవాత ఇంకా దూరం పోదాం."

వాన తగ్గాక ఆవిడ గొడుగేసుకుని, భోజనం చెప్పడానికి పక్కనున్న హోటలుకి వెళ్ళింది. పోతురాజు సంచీ సర్దుకుని లేచాడు.

"పోతురాజుగారూ," మాస్టారు మెల్లగా పిలిచారు.

"ఆయ్, చెప్పండి."

మాస్టారు కిటికీలోంచి భార్య వెళ్ళిన వైపు చూస్తూ అన్నారు:

"బయట చాలా బాగా పెట్టేరండి. నాకు తెలిసిపోయిందని మా ఆవిడతో మాత్రం అనకండేం."