ముల్లు కుదురుకునే దాకా

"మిషన్ ఆపేయండి," అంది ఫోన్‌లో అయస్కాంత పరిశోధన కేంద్రం ఆవిడ.

బోరు మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. గని కప్పు కూలి ఏడుగురు లోపల చిక్కుకుని ఇది నాలుగో రోజు. వాళ్ళకు గాలీ తిండీ అందించడానికి గొట్టం దించుతున్నాడు. ఇంకా నూట యాభై మీటర్లు ఉంది. ఈ నాలుగు రోజులూ అతని కంటి మీద కునుకు లేదు.

"ఎందుకాపాలమ్మా?"

"సూర్యుడి నుంచి గాలి విపరీతంగా కొడుతోంది. భూమి అయస్కాంత క్షేత్రం అల్లాడిపోతోంది. మీ డ్రిల్లు దారి చూసుకునేది దిక్సూచి ముల్లుతోనే కదా? ఆ ముల్లిప్పుడు తప్పు చూపిస్తోంది."

మేస్త్రీ తలెత్తి చూశాడు. చెట్టు మీద ఆకు కదలడం లేదు.

"ఇక్కడ ఉక్కతో చస్తుంటే గాలంటారేంటి!"

"అది మన ఒంటికి తగిలే గాలి కాదండీ. ముల్లు రెండు డిగ్రీలు తప్పినా గొట్టం వాళ్ళ పక్కనుంచి బండలోకి పోతుంది. మళ్ళీ మొదటికొస్తారు. ఐదు గంటలు ఆగండి."

"ఐదు గంటలా! లోపల ఊపిరి ఎన్నాళ్ళకుందో తెలుసా మీకు?"

"తెలుసు. రేపు పొద్దుటిదాకా."

"చల్లటి గదిలో కూర్చుని ఎన్నైనా చెప్తారు. గేటు దగ్గర వాళ్ళ పెళ్ళాలు పడిగాపులు పడుతున్నారు. మీరొచ్చి చెప్తారా వాళ్ళకి?"



"చెప్తానండీ. ముందు మిషన్ ఆపండి."

తిట్టుకుంటూనే ఆపాడు. అరగంటకోసారి ఫోన్ చేశాడు. ప్రతిసారీ అదే గొంతు, అదే నీరసం. "ఇంకా లేదండీ." చివరికి పదకొండోసారి, "ముల్లు కుదురుకుంది. కానివ్వండి," అంది.

పొద్దు వాలే వేళకి డ్రిల్లు ఖాళీలోకి దిగింది. మేస్త్రీ గొట్టానికి చెవి ఆనించాడు. కిందనుంచి ఎవరో కొట్టారు. ఒకటి, రెండు... మొత్తం ఏడు దెబ్బలు. మేస్త్రీ అక్కడే మట్టిలో కూలబడి భోరుమన్నాడు.

తేరుకున్నాక ఫోన్ తీశాడు.

"అమ్మా, ఏడుగురూ ఉన్నారు. పొద్దున నోటికొచ్చినట్టు వాగాను, మనసులో పెట్టుకోకండి."



"ఆ గొట్టం వెడల్పెంతండీ?"

"బెత్తెడుంటుంది. ఏం?"

"మా ఆయన ఆ రోజు కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోయి డ్యూటీకెళ్ళారు. అందులో పడుతుందేమోనని."