ముప్పై సెకన్ల నిశ్శబ్దం

నేను ఇంట్లోనే కూర్చుని జపాన్ వంటల వీడియోలు ఎడిట్ చేస్తాను. మాటల మధ్య అతుకులు తెలియకుండా వేసుకోమని, అక్కడ మూసేసిన నూడుల్స్ కొట్లో ముప్పై సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసి పంపాడు కెమెరామన్.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఫ్యాన్ కిర్రుమంటోంది, అచ్చం నేను నూనె వేయకుండా బద్ధకించిన మా ఫ్యాన్ లాగే. తర్వాత అమ్మ దగ్గు. వీధి తలుపు గడియ జారిన చప్పుడు. "ఎవరూ?" అని నా గొంతు. ఆ తర్వాత ఫ్యాన్ చప్పుడు కూడా లేదు.

భయపడి హెడ్‌ఫోన్స్ తీసేశాను. ఫ్యాన్ కిర్రుమంటోంది. పక్కగదిలో అమ్మ దగ్గింది. వీధి తలుపు గడియ జారింది.

చచ్చినా అడగకూడదని రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను.

ఫోన్లో చుట్టాలంతా నేననుకుని పొరబడే ఆ గొంతుతో, పక్కగదిలోంచి అమ్మ అడిగింది.

"ఎవరూ?"